ఉత్తరించు స్థలం

నాకు ముందున్న స్వాములవారు కొర్నేలియస్ టియర్నీ
విచారణ గృహంలో నాకు వదిలి వెళ్ళినవి:
కారే కుళాయి ఒకటి, మంచు తోడే పారలు రెండు,
అటక నిండా పాత ఐర్లండు నవలలు.

బ్యూట్ ఊళ్ళో జనవరి.
మూసేసిన రాగి గనుల మీద ఇంకా నిలబడి ఉన్న ఇనుప చట్రాలు.
ఉరికంబాలంటారు వాటిని ఇక్కడి ముసలివాళ్ళు.
పూజకు పదకొండు మంది వస్తే గుడి నిండినట్టే.
ఐదింటికే చీకటి.
చదువుతూ కూచుంటాను.

మొదటి నవలలో ఒకావిడ
రొట్టెను ప్రెస్సులో పెట్టింది.
సత్తెనపల్లిలో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సొకటే నేనెరుగుదును.
రెండు రోజులు ఆ రొట్టె నా బుర్రలో
సీసపు అక్షరాల కింద నలుగుతూనే ఉంది.
అదే ఇంట్లో పిల్లాడు మెసేజీల కోసం బజారుకెళ్ళి
ఉప్పూ కిరసనాయిలూ తెచ్చాడు.

తొంభై ఒకటేళ్ళ డెల్మా హారింగ్టన్
నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది.
ప్రెస్ అంటే గోడ అలమర, ఫాదర్.
మెసేజీలంటే ఇంట్లోకి సరుకులు. మా అమ్మ మాటలవి.
ఇంక ఈ ఊళ్ళో ఎవరితో అనను?

వెనక పేజీల్లో ఎవరో పండితుడు
చీమ తలకాయంత అక్షరాల్లో అర్థాలు పెట్టాడు.
అలమర ఊసే లేదు. రాసిందల్లా
నాకు ఉగ్గుతో వచ్చినవి.
స్కాపులర్: మెడలో వేసుకొను రెండు గుడ్డ ముక్కలు.
ఉత్తరీయమయ్యా అది!
మా నాయనమ్మ స్నానానికి కూడా తీసేది కాదు.
చిరిగిపోతే కాల్చి
బూడిద మల్లెపాదులో పోసేది.
ఏంజిలస్: పూట పూటకూ మోగు గంట.
త్రికాల జపం.
ఆ గంట వినపడితే మిరపచేలో
వంగిన నడుములన్నీ ఒక్కసారి లేచేవి.
అది జపం కోసమో, నడుం కోసమో
దేవమాతకే తెలియాలి.
పర్గటరీ...
ఇక్కడ ఆగాను.

మా ఊళ్ళో దాన్ని ఉత్తరించు స్థలం అంటారు.
ఉత్తరించడమంటే బాకీ తీర్చుకోవడమని
ఉపదేశి చెప్పేదాకా, ఏడేళ్ళవాణ్ణి,
అది ఉత్తరాన ఉందనుకున్నాను.
కృష్ణ దాటి, హైదరాబాదు దాటి, ఇంకా పైకి పోతే
ఆత్మలు దుప్పట్లు లేకుండా
వరసలో నిలబడి ఉంటాయని.
మంటలుంటాయంటే నమ్మలేదు.
ఇవాళ ఇక్కడ సున్నాకి ఇరవై ఆరు కింద.
నేను మరీ తప్పుగా ఏం అనుకోలేదు.

మూడో నవలలో తమ్ముడు డెలికేట్.
సుకుమారం, అనుకున్నాను. ఎండకి కందిపోయే పిల్లాడు.
నూట నలభయ్యో పేజీలో చచ్చిపోతే
కోపం వచ్చి పుస్తకం మూసేశాను.
డెల్మా ఈసారి నవ్వలేదు.
క్షయ, అంది. ఆ పేరు ఇంట్లో పలికేవాళ్ళం కాదు.
మా నాన్న డెలికేట్. మా వీధిలో సగం మంది మగాళ్ళు డెలికేట్.
గని దుమ్ము.

ఒళ్ళంతా పొక్కులు లేస్తే మా నాయనమ్మ
జపమాల చేత్తో పట్టుకునే
అమ్మవారు పోసింది అనేదని చెప్పాను.
ఆ మాట ఆమె ఏ పాపసంకీర్తనంలోనూ చెప్పుకుని ఉండదు.
టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరిలో డెల్మా చెల్లెలు యూనిస్ పోయి నెల.
మంత్స్ మైండ్ పెట్టించండి, అని కబురు చేసింది.
ఆఫీసులో కేల్సీ అది అచ్చుతప్పనుకుని
సంస్మరణ పూజ అని దిద్దేసింది.
నేను పెన్ను తీసుకుని నలభై కాగితాల మీదా
కొట్టేసి మళ్ళీ రాశాను.
నెల మనసు.
మనసంటే ఇక్కడ తలుచుకోవడం.
మా పక్క వీధివాళ్ళు మాసికం అనేవాళ్ళు.
వాళ్ళది పిండం, మాది సాంబ్రాణి,
ముప్పై రోజులు మాత్రం ఇద్దరికీ ముప్పయ్యే.

ఏడుగురొచ్చారు. డెల్మా ముందు బల్ల మీద,
చెల్లెలి చోటు వదిలి కూచుంది.

పూజయ్యాక కోటు తొడుక్కుంటుంటే
ఈ మంచులో ఎక్కడికి ఫాదర్, అంది కేల్సీ.
మెసేజీలకి, అన్నాను.
ఆ పిల్ల తన ఫోను తీసి చూసుకుంది.